నీతిచంద్రికయు బాలుర పరేంగితజ్ఞానమును

ఆంధ్రదేశమునఁ దెలుఁగు చదివినవారిలోఁ బింగళకసంజీవకుల కథ నెఱుఁగనివా రరుదు. పరవస్తు చిన్నయసూరి 1853వ సంవత్సరమున నీతిచంద్రికను వెలయించిన పిదప మిత్రలాభమును మిత్రభేదమును బెక్కు తరముల విద్యార్థులకుఁ బాఠ్యములయ్యెను. పండితులు వానియందు వచనరచనకు మేలుబంతిని జూచిరి. పరీక్షకులు సంధిసమాసములకు గనిని జూచిరి. పెద్దలు నీతిని జూచిరి. పదునాలుగేండ్ల బాలుఁ డొకఁ డా గ్రంథముఁ జదువుచుండఁగా వాని మనస్సున నేమి జరుగునని యడిగినవారు మాత్రము కొలఁదిమందియే.

ఈ ప్రశ్న నేఁడు మనశ్శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలకుఁ జేరినది. కల్పితకథలు చదువు బాలునకు నెదుటివాని కోపమును, భయమును, దాఁచుకొన్న దుఃఖమును గుర్తించు నేర్పు హెచ్చునా, హెచ్చినచో నెంత హెచ్చును అని వారు కొలుచుచున్నారు. కాని ప్రశ్న మాత్రము వారితోఁ బుట్టినది కాదు. పంచతంత్రమున కుపోద్ఘాతమైన రాజపుత్రుల వృత్తాంతమంతయు దానిపైననే నిలిచియున్నది. ఆ పూర్వపు సమాధానమును నేఁటి ప్రయోగములతోఁ గలిపి చూచినచో, నీతిచంద్రిక బాలురకు నిజముగా నేర్పఁగలిగిన దేమో కొంత తేటపడును.

పంచతంత్రమున మహిళారోప్యనగరము నేలిన యమరశక్తికి మువ్వురు కొడుకులు. హితోపదేశమున రాజు సుదర్శనుఁడు, పురము పాటలీపుత్రము. పేరులు మాఱినను జిక్కు మాఱలేదు. కొడుకులకుఁ జదువు పట్టుపడదు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని సభలో లెక్క వేయుచుండఁగా, విష్ణుశర్మ యాఱునెలల గడువు గోరి కుమారులను వెంటఁ గొనిపోయి కథలు చెప్పెను. ఆ యాఱునెలలలో వారు నేర్చుకొన్నవి సూత్రములు గావు. మంత్రి నవ్వినపు డా నవ్వు వెనుక నేమున్నది, దూత తడఁబడినపు డది భయమా కపటమా, మిత్రుఁడు మాటలాడక కూర్చున్నపు డలిగినాఁడా యలసినాఁడా - యిట్టివి గ్రహింపలేని రాజునకు రాజ్యము నిలువదు. కథలు వారికిఁ జూపినవి యట్టి యెడలే.

ఈ నేర్పునకు సంస్కృతమునఁ బరేంగితజ్ఞానమని పేరు. ఇంగితమనఁగా లోని యభిప్రాయమును బయటఁబెట్టు చేష్ట. ఆకారముచేతను, ఇంగితముచేతను, నడకచేతను, మాటచేతను, కన్నులయందును ముఖమునందును గలుగు మార్పుచేతను మనస్సు తెలియునని మనుస్మృతి యష్టమాధ్యాయమునఁ గలదు. అచ్చట నది ధర్మాసనముపైఁ గూర్చున్న రాజునకుఁ జెప్పఁబడినది. వాదిప్రతివాదుల నిజానిజములు తేల్పవలసినవాఁడు గావున నతని కా విద్య విధింపఁబడెను. ఆ భావముగల శ్లోకమే పంచతంత్రమునఁ గూడఁ గానవచ్చును. అయితే యచ్చట దానిఁ బలుకునది రాజు గాదు, ఋషి గాదు, దమనకుఁడను నక్క. నోటఁ జెప్పిన దానిని బశువు సైతము గ్రహించును, చెప్పనిదానిని గ్రహించుటయే బుద్ధికి ఫలమని కరటకునితోఁ బ్రగల్భించినదియు నా నక్కయే. గ్రంథకర్త యీ విద్యను మెచ్చుచునే దానిని బ్రథమమున వంచకుని నోటఁ బెట్టుట యాకస్మికమని తలఁపరాదు.

మిత్రభేదమును గొంచెము నిదానముగాఁ జూడవలెను. పింగళకుఁడను సింహము యమునలో నీరు ద్రావఁబోయి, మున్నెన్నఁడు వినని ఱంకె విని, నీరు ముట్టకయే మరలి, భయమును గప్పిపుచ్చుకొని కూర్చుండెను. దూరమున నున్న దమనకుఁ డా కూర్చున్న తీరులోనే భయమును జదివెను. ఇది తొలి పఠనము, సరియైన పఠనము. దానివలన నక్కకుఁ గొలువు దొరకెను. సింహమునకు సంజీవకుఁడను వృషభముతో మైత్రి గలిగెను. ఆ మైత్రి ముదిరి తనకుఁ గీడు గాఁగా, దమనకుఁడు దానిని విఱువఁబూనెను. సింహముకడకుఁ బోయి వృషభము ద్రోహము దలఁచినదనియు, అది కొమ్ముల కొనలు ముందునకుఁ జాఁచి బెదరు బెదరుగా వచ్చినచో దాని తలంపు తెల్లమగుననియుఁ జెప్పెను. వృషభముకడకుఁ బోయి సింహము చంపఁదలఁచినదనియు, అది తోఁక నిక్కించి, కాలు మీఁదికెత్తి, నోరు దెఱచి చూచినచో నెఱుఁగవలసినదనియుఁ జెప్పెను. పిమ్మట నా రెండును గలిసికొనెను. రెండును దమకుఁ జెప్పఁబడిన గుఱుతులనే చూచెను. యుద్ధమయ్యెను. వృషభము చచ్చెను.

ఇందు గుఱుతులలో నసత్య మేమియు లేదు. వృషభము నిజముగానే కొమ్ములు చాఁచెను. సింహము నిజముగానే నోరు దెఱచెను. ఒకదాని భయము రెండవదానికిఁ గ్రోధముగాఁ గనఁబడెను. ఆ కనఁబడిన క్రోధము రెండవదానికి భయమును బుట్టించెను. ఆ భయము మరల మొదటిదానికిఁ గ్రోధమై తోఁచెను. దమనకుఁడు ముఖములను మార్చలేదు. ముఖములను జూచు కన్నులను మార్చెను. ఇంగితములు గమనింపనందున నా రెండును జెడినవని చెప్పుటకు వీలులేదు. అంత శ్రద్ధగా గమనించినందుననే చెడెను.

ఈ రెండు హృదయములను నెఱిఁగినవాఁడు నక్క గాక మఱియొకఁడే కలఁడు. వాఁడు పుస్తకము చేతఁ బట్టుకొన్న బాలుఁడు. నక్క యొకచోటఁ జెప్పినది విన్నాఁడు, రెండవచోటఁ జెప్పినదియు విన్నాఁడు. సింహమునకుఁ దెలియనిదియు వృషభమునకుఁ దెలియనిదియు వానికిఁ దెలియును. రెండు జంతువు లెదురెదురుగా నిలిచినపుడు, ఒక్కమాట యడుగరాదా యని వాని పెదవిదాఁక వచ్చు మాట యున్నదే, అది గ్రంథములోని నీతిశ్లోకములలో నెచ్చటను లేదు. శ్లోకములు మిత్రునెన్నుకొనుటనుగూర్చియు, సేవకుని మాట నమ్ముటనుగూర్చియుఁ జెప్పును. కోపముగాఁ గనఁబడునది భయము గావచ్చునని కథయే చెప్పును. అదియు మాటలలోఁ జెప్పదు, పాఠకునిఁ దగిన చోట నిలిపి చూపును.

అలంకారశాస్త్రమున నీ విషయము మఱియొక దారిని వచ్చినది. భరతుఁడు స్థాయిభావములు 8, వ్యభిచారిభావములు 33, సాత్త్వికభావములు 8, వెరసి 49 భావములను లెక్కించి, ప్రతిదానికిని విభావానుభావములను జెప్పెను. విభావము కారణము, అనుభావము వెలికిఁ గనఁబడు కార్యము. అశ్రువు సాత్త్వికభావములలో నొకటి గదా. దానికి శోకముతోఁ బాటు సంతోషమును, కోపమును, తుదకుఁ బొగను, కాటుకను గూడఁ గారణములుగా నాట్యశాస్త్రము పేర్కొనుచున్నది. పొగ మాట చదివి నవ్వుకొనువారు గలరు గాని, యంతకంటెఁ దూఁకముగల మాట యా ప్రకరణమున లేదు. విభావ మెఱుఁగనిదే కన్నీటిఁ జూచి దుఃఖమని నిర్ణయించుట చెల్లదని దాని తాత్పర్యము. వ్యభిచారిభావములలో నవహిత్థ యనునది యొకటి. ఆకారమును గప్పిపుచ్చుటయే దాని లక్షణము. నీరు ముట్టక మరలి వచ్చి, యేమియు జరుగనట్లు కూర్చున్న పింగళకుని భంగి యవహిత్థయే.

కావ్యములు చదువుటవలన మనస్సు మాఱునని యంతకంటెను స్పష్టముగాఁ జెప్పినవాఁ డభినవగుప్తుఁడు. ధ్వన్యాలోకమునకుఁ దాను రచించిన లోచనమున నాతఁడు సహృదయుని లక్షణముఁ జెప్పుచు, కావ్యములను బదేపదే పరిశీలించుటచేత నద్దమువలె నిర్మలమైన మనస్సుగలవాఁడని వివరించెను. సహృదయత పుట్టుకతో వచ్చు వరము గాదు; అభ్యాసముచే నలవడునది. ఇంతవఱకు నిది నేఁటి ప్రయోగకారుల మాటవంటిదే. కాని యభినవగుప్తుని సహృదయుఁడు కావ్యమునెడ సహృదయుఁడు. పొరుగింటివానియెడ నట్లుండునా యనునది యాతని ప్రశ్న కాదు. రంగస్థలమున సీత దుఃఖమునకుఁ గరఁగినవాఁడు వాకిటఁ దన పనివాని మొగము చూడకయే పోవచ్చును. రసాస్వాదమున నెదుటి భావము ఫలానివానిదను పట్టువిడిచి సాధారణమగును. లోకమున నెదుటివాఁ డెప్పుడును ఫలానివాఁడే. విష్ణుశర్మ యెదుటఁ గూర్చున్న రాజపుత్రులకుఁ గావలసినది యీ రెండవది.

చిన్నయసూరి గ్రంథము బడులకు వచ్చిన పిదప నీ ప్రయోజనము చాలవఱకు మఱుగుపడెను. తరగతిలోఁ బ్రతిపదార్థము, విగ్రహవాక్యము, సంధివిభాగము ముందు వచ్చెను. కథ వానికిఁ దగిలించిన కొయ్యగా నుండెను. రెండు మృగములు భయముతో నెదురెదురుగా నిలిచిన ఘట్టమున బాలుఁడు సమాసనామములు వ్రాసి ముందునకు సాగెను. 1910 తరువాతి సంవత్సరములలో గిడుగు రామమూర్తి పంతులు మొదలగువారు పాఠశాలలలోని తెలుఁగునుగూర్చి వాదము నడపినపుడు నుభయపక్షములవారికిని భాషయే ముఖ్యమయ్యెను. సూరి భాష బాలురకుఁ గష్టమనుట నిజమే. అయినను నందొక లాభము గలదు. పదమునకుఁ బదము నిలిచి చదువవలసివచ్చిన వచనమున నక్క మాటలలోని తీపి, దాని వెనుక చేదు, పరుగునఁ జదివినవానికంటె నిలిచి చదివినవాని కెక్కువగా నందును. గురు వా నిలుపు దలను వ్యాకరణమునకే వినియోగించుట వేఱుమాట.

నీతిచంద్రికలో మిగిలిన విగ్రహసంధులను బూరించిన కందుకూరి వీరేశలింగమే 1878లో రాజశేఖరచరిత్రము నిచ్చెను. గోల్డుస్మిత్తు 1766లోఁ బ్రకటించిన వేక్‌ఫీల్డు కథ ఛాయ దానిపై నున్నదని యందఱు నెఱిఁగినదే. ప్రకృతమునకుఁ గావలసిన యంశము వేఱు. ధవళేశ్వరములోని రాజశేఖరుఁడు తన్నుఁ బొగడువారిని హితులనుకొనెను. బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మెను. మిత్రభేదములో నక్క నక్కయని మొదటనే తెలియును. ఈ నవలలో దమనకులు మనుష్యులై, చుట్టములై, నిత్యము నింటికి వచ్చి కూర్చుండు పెద్దమనుష్యులైరి. పాఠకుఁడు మొదటి ప్రకరణములనుండియే వారి మాటలలోని పొల్లును బసిగట్టును. నాయకుఁడు కష్టములపాలైనగాని పసిగట్టఁడు. సూరి గ్రంథమున మృగములయందుఁ జూచినదానిని బాలుఁడు తన వీథియరుగు మీఁదఁ జూచుటకు నిది మొదటి మెట్టు. ఐనను వాఁడు నాయకునికంటె నెప్పుడు నెత్తుననే యున్నాఁడు. తెలిసినవాఁడను గర్వము వానికిఁ బోలేదు.

ఆ యెత్తుపీఁటను దీసివేసినది గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు. 1910లో నాంధ్రభారతిలో వెలువడిన యీ చిన్నకథలో గోపాలరావు నడిరేయి దాఁటి యిల్లు చేరును. భార్య కమలిని కనఁబడదు. జాబు కనఁబడును. నౌకరు రాముఁడు బదులు చెప్పును. గోపాలరావునకుఁ గోపము, భయము, పశ్చాత్తాపము వరుసగాఁ గలుగును. పాఠకునకుఁ దెలిసినది గోపాలరావునకుఁ దెలిసినంతయే. భార్య నిజముగానే వెడలిపోయినదనుకొనును. రాముని ముఖమును గోపాలరావుతోఁ బాటు తానును దప్పుగానే చదువును. తుదకు మంచము క్రిందినుండి నవ్వు వినఁబడినపుడు దిద్దుబాటు జరిగినది మగని యొక్కనికే గాదు. చదువరి వెనుకకుఁ దిరిగి రాముఁడు పలికిన ప్రతిమాటను మరల చదువును. తొలిసారి యమాయకముగాఁ దోఁచిన మాటలు రెండవసారి వేఱుగాఁ బలుకును. మిత్రభేదమున నితరులు పొరపడుట చూచిన బాలుఁ డిచ్చటఁ దానే పొరపడును. 1853 నుండి 1910 వఱకు 57 ఏండ్లలోఁ దెలుఁగు వచనకథ పాఠకుని నిలిపిన చోటు మాఱిన విధ మిది. భాషావివాదమునకు లభించిన శ్రద్ధలోఁ బదవవంతైనను నీ మార్పునకు లభింపకపోవుట విచారకరము.

ఇఁక నేఁటివారి ప్రయోగములు. 1978లో ప్రిమాక్, వుడ్రఫ్ అను నిరువురు చింపాంజీకి నితరులకు మనస్సు గలదను నెఱుక యున్నదా యని యడిగిరి. 1983లో విమ్మర్, పెర్నెర్ అనువా రా ప్రశ్ననే మనుష్యశిశువుల కన్వయించిరి. వారి సాధన మొక కథ. మాక్సీ యను బాలుఁడు చాక్లెట్టు నొక యరలోఁ బెట్టి యాటకుఁ బోవును; వాఁడు లేనపుడు తల్లి దానిని వేఱొక యరలోఁ బెట్టును; మరలి వచ్చి వాఁడు దాని నెచ్చట వెదకును? మిక్కిలి చిన్నవారు నిజముగా నున్నచోటనే వెదకుననిరి. దాదాపు నాలుగేండ్లు దాఁటినవారు, మాక్సీకిఁ దల్లి చేసినది తెలియదు గావునఁ దాను పెట్టినచోటనే వెదకునని చెప్పఁగలిగిరి. 1985లో నా పండితులే రెండవ మెట్టును బరీక్షించిరి: ఒకఁ డేమి తలంచుచున్నాఁడని మఱియొకఁడు తలంచుచున్నాఁడు? ఇది యాఱు మొదలు తొమ్మిదేండ్ల నడుమ నలవడుచున్నట్లు గనఁబడెను. పింగళకసంజీవకుల కథ బోధపడుటకుఁ గావలసినది సరిగా నీ రెండవ మెట్టే.

ఐనచోఁ బదునాలుగేండ్లవానికిఁ గథ క్రొత్తగా నేర్పున దేమని శంక కలుగును. దీనికి 2010లోఁ బ్రకటింపఁబడిన డ్యూమంథేల్, ఆపర్లీ, బ్లేక్‌మోర్ అనువారి పరిశోధన సమాధానము చెప్పుచున్నది. 7 మొదలు 27 ఏండ్ల వయస్సుగలవారి యెదుట గూళ్లుగల బీరువా చిత్రము నుంచిరి. కొన్ని గూళ్లు వెనుకవైపు మూయఁబడియున్నవి. ఆవలివైపు నిలిచి వస్తువులను జరుపుమని చెప్పువాని కా మూసిన గూళ్లలోనివి కనఁబడవు. వానికిఁ గనఁబడునవి యేవో తలఁచుకొనియే యీవలివాఁడు వస్తువును జరుపవలెను. అవతలివానికిఁ గనఁబడదని యెఱిఁగియు జనులు తమకుఁ గనఁబడినదానినే చప్పున జరుపుదురు. 14 మొదలు 17 ఏండ్లవారు పెద్దవారికంటె నీ పొరపాటును హెచ్చుగాఁ జేసిరి. అవతలి మనుష్యుని దీసివేసి యొక నియమముగా మాత్రము చెప్పినపు డా యంతరము గనఁబడలేదు. అనఁగా నా వయస్సున లోపించునది యెఱుక గాదు. ఎఱుకను సమయమునఁ బ్రయోగించుట. పింగళకునకు సైతము సంజీవకుని మైత్రి తెలియనిది కాదు. కొమ్ములు చూచిన క్షణమున నది గుర్తునకు రాలేదు.

కథాపఠనమును సూటిగాఁ బరీక్షించిన ప్రయోగములలోఁ బేరుపొందినది 2013లో సైన్సు పత్రికలో వెలువడినది. కిడ్, కస్టానో అనువా రయిదు ప్రయోగములు జరిపి, సాహిత్యపు విలువగల కథలలోని కొన్ని పుటలు చదివినవారు, జనరంజకములైన కథలుగాని కథేతరవ్యాసములుగాని చదివినవారికంటె నితరుల భావములను బాగుగా గుర్తించిరని ప్రకటించిరి. వార్త లోకమంతట వ్యాపించెను. 2016లో వేఱు పండితులు మఱింత పెద్ద సంఖ్యలోఁ బరీక్షింపఁగా నా ఫలము రాలేదు. సైన్సు, నేచర్ అను పత్రికలలో 2010 మొదలు 2015 వఱకు వెలువడిన 21 సామాజిక ప్రయోగములను మరల జరిపి 2018లోఁ బ్రకటించిన పరిశోధనలో 13 నిలిచెను, కథాపఠనమునుగూర్చినది నిలువలేదు. అదే యేఁట డోడెల్-ఫెడర్, తమీర్ అనువారు 14 పరిశోధనలను గలిపి చూచి, ఫలము గలదుగాని మిక్కిలి స్వల్పమని తేల్చిరి.

దీనిఁ జూచి కథ వలన లాభము లేదనువారును గలరు, స్వల్పమైనను గలదు గదా యని సంతోషించువారును గలరు. రెండు పక్షములవారును గొలఁబద్దను జూడలేదు. 2013 నాఁటి ప్రయోగములలో ముఖ్యముగా వాడఁబడిన కొలఁబద్ద కన్నుల పరీక్ష. బేరన్-కోహెన్ మొదలగువారు 1997లో దీనిఁ గల్పించి 2001లో సవరించిరి. సవరించిన దానిలో 36 ఛాయాచిత్రములు. ప్రతిదానియందు మనుష్యుని కన్నులు మాత్రమే కనఁబడును. క్రింద నాలుగు మాటలు. కన్నుల భావమునకుఁ దగిన మాట నెన్నుకొనవలెను. ఆ కన్నులు గలవాఁ డెవఁడో, యెవరిఁ జూచుచున్నాఁడో, యంతకుముం దేమి జరిగినదో లేదు. భరతుని మాటలలోఁ జెప్పినచో విభావము లేని యనుభావము. పొగకు వచ్చిన కన్నీటిని శోకమునకు వచ్చిన కన్నీటినుండి వేఱుచేయుటకు వీలులేని పరీక్ష. ఆ పరీక్షకు దమనకుఁడు కూర్చున్నచో 36కు 36 మార్కులు దెచ్చుకొనును. పింగళకునకును దక్కువ రావు. గుఱుతులను జూచుటలో వాఁ డేమాత్రము పొరపడలేదు గదా. కథ నేర్పునది గుఱుతును బట్టుకొనుట గాదు, గుఱుతు వెనుకనున్న కారణమును వెదకుట. కన్నులు మాత్రము చూపి కథాపఠనఫలమును గొలుచుట నేతిని మూరలతోఁ గొలుచుట వంటిది.

ఇంకొక తీరున నడచిన ప్రయోగము 2015లో ముద్రితమైనది. వెజ్జాలీ మొదలగువా రిటలీలో హారీ పాటర్ కథలను గ్రహించి చూచిరి. చిన్నతరగతుల బాలురకు నాఱు వారములు కొన్ని ఘట్టములు చదివించి, పరిశోధకుఁడు వారితోఁ గూర్చుండి వానినిగూర్చి సంభాషించెను. కొందఱకు, పుట్టుకనుబట్టి యొకని నీచముగాఁ జూచు ఘట్టములు. మఱికొందఱకు నట్టివి కాని ఘట్టములు. దేశాంతరులయెడ భావము మెఱుగుపడినది మొదటివారిలోనే, వారిలోను గథానాయకునితోఁ దాదాత్మ్యము పొందినవారిలోనే. హైస్కూలు విద్యార్థులనుగూర్చిన రెండవ పరిశీలనలో నీ కథలు చదివి నాయకునితో నొకటైనవారికి సమాజము నిరాదరించు స్వలింగప్రియులయెడ నాదరము హెచ్చుగా నున్నట్లు గనఁబడెను. ఈ రెండవదానిలోఁ జదువు కారణమో, మొదలే మెత్తని మనస్సుగలవారు చదివిరో చెప్పుటకు వీలులేదు. మొదటిదానిలో మాత్రము రెండంశములు తెల్లము: ఏ ఘట్టము చదివించిరను నది యొకటి, చదివిన పిదప నెవరు కూర్చుండి మాటలాడిరను నది రెండవది. విష్ణుశర్మ చేసినది సరిగా నిదియే. రాజపుత్రుల చేతికిఁ దాళపత్రము లిచ్చి పొమ్మనలేదు. కథకుఁ గథకు నడుమ వారు ప్రశ్న లడిగిరి, ఆయన బదులు చెప్పెను. నీతిచంద్రికను బోధించు పండితుఁడు సమాసము లైన పిదప నొక్కనిముస మాఁగి, సంజీవకుఁడు కొమ్ము లేల చాఁచెను అని తరగతి నడిగినచో నట్టి సంభాషణకు స్థలము దొరకును.

తాదాత్మ్యమన్న మాట వచ్చినపుడు దమనకుని మాట విడువరాదు. మిత్రభేదమున నెల్లవారికంటెఁ దెలివిగలవాఁడు, రెండు హృదయముల నెఱిఁగినవాఁడు, చక్కఁగా మాటలాడువాఁడు నక్కయే. చుఱుకైన బాలుఁడు సింహముతోనో వృషభముతోనో గాక నక్కతోనే యొకటి గావచ్చును. సంస్కృతపంచతంత్రము వాని కడ్డుపడదు. పింగళకుఁడు మిత్రునిఁ జంపి వగచుచుండఁగా దమనకుఁ డూఱడించి మంత్రిపదవిలో నిలుచును. రాజనీతి బోధించు గ్రంథమునకు నది వింత గాదు. ఈ కథ దేశములు దాఁటినపు డొకరి కది సరిపడలేదు. పారశీకరాజైన ఖుస్రూ అనుషిర్వాను 531 మొదలు 579 వఱకు నేలినవాఁడు. ఆతని వైద్యుఁడు బుర్జోయి పంచతంత్రమును బహ్లవీభాషకుఁ దెచ్చెను. ఎనిమిదవ శతాబ్దమున నిబ్నుల్ ముకఫ్ఫా దానిని గలీలా వ దిమ్నా యను పేర నరబ్బీలో వ్రాసెను. దిమ్నా యనఁగా దమనకుఁడే. సంస్కృతమున లేనిదియు, పహ్లవీనుండి యంతకుముందే వెలసిన సిరియాకు భాషాంతరమునను లేనిదియునగు నొక ప్రకరణ మరబ్బీలోఁ గలదు. దానిని జేర్చినవాఁ డిబ్నుల్ ముకఫ్ఫాయే యని పండితుల నిశ్చయము. అది దిమ్నా విచారణము.

వృషభము చచ్చిన పిదప నొకనాఁటి రాత్రి చిరుతపులి యొకటి నక్క లిరువురి సంభాషణము నాలకించి సింహముతల్లికిఁ జెప్పెను. దిమ్నా సభకుఁ దేఁబడెను. అచ్చట వరాహముల నాయకుఁడు లేచి, దిమ్నా మొగములోని గుఱుతులు, ఒక కంటి కొద్దితనము, దాని యదురు, ముక్కు వంపు చూపి, యిట్టి యవయవములు గలవాఁడు ద్రోహియని శాస్త్రము చెప్పుచున్నదని వాదించెను. మనువు రాజునకు విధించిన విద్యయే యది, యింకొక మెట్టు దిగజాఱినది. దిమ్నా నవ్వి, శరీరముపై గుఱుతులే కర్మమును నిర్ణయించినచో నెవని మంచికి మెప్పేల, యెవని చెడుకు దండనమేల యని యడిగి, యా వరాహము శరీరములోని లోపములనే యెంచి చూపి దానిని సిగ్గుపఱచెను. ముఖముఁ జూచి నేరము తేల్చుట యంతటితో నాఁగెను. పిమ్మట చిరుతపులి వచ్చి విన్నది చెప్పెను. చెఱసాలలోనున్న మఱియొక మృగమును విన్నది చెప్పెను. సింహ మా యిద్దఱి సాక్ష్యమును బట్టి దిమ్నాకు మరణశిక్ష విధించెను. ఆ చిరుతపులి చాటున నిలిచి విన్నవి, మిత్రభేదమును మొదటినుండి చదివిన బాలుఁడు విన్నవంటి మాటలే.